అధికారంలో ఉన్న వేర్పాటువాద పార్టీలో చీలిక గురించి రాసేటప్పుడు

చిరంజీవికి ఆశీస్సులు.

కెనడాలోని ఫ్రెంచి భాషా రాష్ట్రమైన క్యూబెక్‌లో, ఆ రాష్ట్రాన్ని స్వతంత్ర దేశం చేయాలనే పార్టీ కెబెక్వా ప్రభుత్వం 1984–85లో లోలోపల ఎలా చీలిందో రాయబోతున్న నీ వ్యాసం చిత్తుప్రతి చదివాను. అందులో ఒక పక్షాన్ని అతివాదులనీ, మరో పక్షాన్ని మితవాదులనీ రాశావు. ముందుగా ఆ రెండు మాటలూ కొట్టివెయ్యి. ఆ పేర్లు పెట్టగానే ఇక అడగవలసిందేమీ లేదన్న భ్రమ రాసేవారికీ, చదివేవారికీ కలుగుతుంది. 1984 నవంబరులో రాజీనామా చేసిన మంత్రుల్లో ప్రముఖుడు జాక్ పరిజో. ఆయన 1976 నుంచీ ఆర్థికమంత్రి, లండన్‌లో డాక్టరేట్ చేసిన ఆర్థికవేత్త. ఆయనతోపాటు తప్పుకున్న కమీ లొరాన్ వృత్తిరీత్యా మానసిక వైద్యుడు, 1977 నాటి ఫ్రెంచి భాషా చట్టానికి కర్త. వీరు వీధి ఆందోళనకారులు కారు, ప్రభుత్వాన్ని నడిపినవారు.

ఇరుపక్షాలకూ గమ్యం విషయంలో పేచీ లేదు. పేచీ అంతా ఎప్పుడు, ఎవరి అనుమతితో అన్నదాని మీదే. 1980 మే 20 రెఫరెండంలో (ప్రజాభిప్రాయ సేకరణలో) దాదాపు 60 శాతం ఓటర్లు సార్వభౌమత్వ ప్రతిపాదనను తిరస్కరించారు. మళ్లీ ఆ ఓటర్లే 1981 ఏప్రిల్‌లో, ఈ పదవీకాలంలో మరో రెఫరెండం పెట్టబోనన్న పార్టీ నాయకుడు, క్యూబెక్ ప్రభుత్వాధినేత రెనె లెవెక్ మాట నమ్మి, 122 స్థానాల్లో 80 కట్టబెట్టారు. కానీ పార్టీని మోస్తున్న సభ్యులు చందాలిచ్చిందీ, ఇంటింటికీ తిరిగిందీ స్వతంత్ర దేశం కోసం. ఓటరుకిచ్చిన మాట నిలబెట్టుకుంటే సభ్యుడికి ద్రోహం, సభ్యుడి మాట నెగ్గిస్తే ఓటరుకు ద్రోహం అన్న ఇరకాటంలో ఆ నాయకుడు చిక్కుకున్నాడు. 1981 డిసెంబరు మహాసభలో ప్రతినిధులు సార్వభౌమత్వం విషయంలో పార్టీ కార్యక్రమాన్ని మరింత కఠినం చేస్తే, లెవెక్ రాజీనామా చేస్తానని హెచ్చరించి, సభ్యులందరి ఓటు కోరి దాన్ని వెనక్కి తిప్పించాడు. నీ కథ నిజానికి అక్కడే మొదలవుతుంది, 1984లో కాదు.

రెండో సంగతి జీతాలు. ఇది నీ చిత్తులో ఎక్కడా లేదు, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. మాంద్యం వల్ల ఖజానా ఖాళీ అయినప్పుడు, 1983 తొలి నెలల్లో ఇదే ప్రభుత్వం తన ఉద్యోగుల జీతాలకు భారీగా కోత పెట్టింది. సమ్మె చేసిన ఉపాధ్యాయులను ఫిబ్రవరిలో చట్టం చేసి మరీ పనిలోకి రప్పించింది. ఊరూరా ఆ పార్టీ శాఖలకు ప్రాణం పోసింది ఆ ఉపాధ్యాయులే. నాయకత్వం మీద నమ్మకం సడలడానికి కెనడా కేంద్ర ప్రభుత్వంతో జరిగిన రాజ్యాంగ చర్చలు ఎంత కారణమో ఇదీ అంతే కారణమని నా అభిప్రాయం. ఆ కోతల కాలంలో ఖజానా తాళాలు పరిజో చేతిలోనే ఉన్నాయన్నది మరిచిపోవద్దు. అతివాది అన్న ముద్ర ఆ నిజాన్ని కప్పేస్తుంది.

1984 సెప్టెంబరులో బ్రయన్ మల్రోనీ కెనడా ప్రధానమంత్రిగా రాజధాని ఒట్టావాలో అధికారంలోకి వచ్చాక, కొత్త ప్రభుత్వంతో రాజీకి ప్రయత్నించి చూద్దామని లెవెక్ నిర్ణయించుకోవడంతో రాజీనామాలు వచ్చాయి. 1985 జనవరి 19 నాటి ప్రత్యేక మహాసభను వివరంగా రాయి. అక్కడ తేల్చవలసింది సార్వభౌమత్వం కావాలా వద్దా అని కాదు, వచ్చే ఎన్నికల్లో దాన్ని ప్రధానాంశం చేయాలా వద్దా అని. సుమారు మూడింట రెండు వంతుల ప్రతినిధులు లెవెక్ వైపు నిలిచారు, ఓడినవారిలో అనేకులు సభ విడిచి వెళ్లిపోయారు. గెలిచిన లెవెక్ జూన్‌లో నాయకత్వం వదులుకున్నాడు. డిసెంబరు 2 ఎన్నికల్లో పియెర్ మార్క్ జాన్సన్ నాయకత్వంలో ఆ పార్టీకి దక్కినవి 23 స్థానాలే. మహాసభలో నెగ్గిన ఓటు పార్టీని ఎందుకు కాపాడలేకపోయిందన్నదే నీ వ్యాసానికి గుండెకాయ కావాలి.

స్కాట్లాండ్‌తో పోలికకు ఒక్క పేరా చాలు. రెఫరెండం పెట్టే అధికారం స్కాటిష్ పార్లమెంటుకు స్వయంగా లేదని 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చింది కనుక, అక్కడి నాయకులు ఆలస్యానికి కారణంగా లండన్‌ను చూపించగలరు. క్యూబెక్ 1978లోనే తన రెఫరెండం చట్టం తాను చేసుకుంది. అందువల్ల ముహూర్తం పెట్టే బాధ్యతా, పెట్టలేదన్న నిందా సొంత నాయకుడి మీదే పడ్డాయి.

రాజీనామాల గురించి రాస్తే పేజీలు చకచకా నిండుతాయి, కానీ మంత్రివర్గంలో ఉండిపోయినవారిని కూడా పట్టించుకో. బెర్నార్డ్ లాండ్రీ 1984లో తప్పుకోలేదు. ఆ తరువాత 2001లో ఆయనే ఆ పార్టీకి నాయకుడై, క్యూబెక్ ప్రభుత్వాధినేత (ప్రీమియర్) పదవి చేపట్టాడు. వెళ్లినవారు నిజాయతీపరులు, ఉన్నవారు పదవి కోసం ఉన్నారు అన్న ధ్వని నీ రెండో పేజీలో వినిపిస్తోంది; ఆ పేజీని మొత్తం తిరగరాసి పంపు.

నీ శ్రేయోభిలాషి