ఇంటర్‌ప్లీడర్ దావా అంటే ఏమిటి? అద్దెకున్నవారు వేయవచ్చా?

ఇంటి యజమాని మరణించాక ఆయన కుమారులిద్దరూ అద్దె తమకే చెల్లించాలని వేర్వేరుగా నోటీసులిచ్చారనీ, వకీలుగారు చెప్పిన 'ఇంటర్‌ప్లీడర్' అన్న మాట అర్థం కాలేదనీ మీరు రాశారు. తెనాలిలో అద్దె కొట్టు నడుపుతున్న రోజుల్లో నాకూ ఇదే చిక్కు ఎదురైంది.

ఒకే సొమ్మునో ఆస్తినో ఇద్దరు ముగ్గురు ఎవరికి వారు తమదేనని అడుగుతున్నప్పుడు, అది ఎవరి చేతిలో ఉందో ఆ వ్యక్తి 'దీని మీద నాకే హక్కూ లేదు, ఎవరికివ్వాలో తేల్చండి, ఇచ్చేస్తాను' అని వారందరినీ ప్రతివాదులుగా చేర్చి వేసే దావా ఇది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోని 88వ సెక్షన్, 35వ ఆర్డర్ దీనికి ఆధారం. పేరుకు మనం వాదులమే గాని, అసలు తగవు నడిచేది ప్రతివాదుల మధ్యనే. చాలామంది దీన్ని 'ఇంప్లీడ్'తో కలిపేస్తారు. అది నడుస్తున్న దావాలోకి మరొకరిని కక్షిదారుగా చేర్చడం, దానికీ దీనికీ సంబంధం లేదు.

అద్దెకున్నవారి విషయంలో ఆ 35వ ఆర్డర్‌లోని 5వ రూలు ముఖ్యం. యజమానితో సంబంధం లేని బయటివారెవరో వచ్చి ఇల్లు తమదంటే, యజమానినీ వారినీ కలిపి మనం ఈ దావా వేయలేము. అడిగేవారు ఆ యజమాని ద్వారానే హక్కు చెప్పుకుంటుంటే వేయవచ్చు. మీ విషయంలో ఇద్దరూ వారసులమనే అంటున్నారు కనుక ఆ అడ్డంకి లేదు. అయితే ఆ హక్కులన్నీ తేలగల దావా అన్నదమ్ముల మధ్య ఇప్పటికే నడుస్తుంటే కొత్తగా ఇది వేయడానికి వీల్లేదు. ముందు ఆ సంగతి కనుక్కోండి.

నేను తడబడింది మరోచోట. కొట్టు పైకప్పు మరమ్మతుకు పెట్టిన ఖర్చును అద్దెలో మినహాయించుకోవాలనుకున్నాను. దావా ఖర్చుల వంటివాటి మేరకు తప్ప తనకు ఆ సొమ్ములో ఏ హక్కూ లేదనీ, ప్రతివాదుల్లో ఎవరితోనూ కుమ్మక్కు కాలేదనీ వాది దావాలోనే రాయాలి కనుక, ఎంత బాకీ అన్నదాని మీద మనమే పేచీ పెడితే దావా స్వరూపమే దెబ్బతింటుందని మా వకీలుగారు వారించారు. బాధగానే ఉన్నా వదులుకున్నాను. అద్దె మొత్తం కోర్టులో జమ చేశాక, మొదటి వాయిదాలోనే నన్ను బాధ్యత నుంచి విముక్తుణ్ణి చేసి దావా నుంచి తప్పించారు, ఖర్చులూ ఇప్పించారు. వారసులు మాత్రం ఆ తరువాత చాలాకాలం పోరాడుకున్నారు.

జమ చేయమని కోర్టు ఆదేశించవచ్చు గనుక, నెలనెలా అద్దెను వాడుకోకుండా విడిగా ఉంచండి. రెండు నోటీసులనూ కవర్లతో సహా భద్రపరచండి.