ఇంగ్లండులో ఒక పాత నేతగాడి ఇంట్లో మగ్గం చూసి అమ్మ అడిగిన మొదటి మాట: “గుంట ఏదిరా?”

“మా ఊళ్లో నేతవాళ్ల పాత ఇళ్ల వరుస ఒకటి మిగిలింది. దాన్ని బాగుచేయించి మ్యూజియం చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?” అని మీరు అడిగారు. ఒక్క ఇంటితో మొదలుపెట్టండి. ఆ ఇంట్లో ఎవరుండేవారో, ఏ కాలం నాటి ఇల్లుగా చూపించాలో ముందే తేల్చుకోండి.

నేను ఇంగ్లండులోని కొవెంట్రీలో ఉంటున్నాను. ఇక్కడ స్పాన్ ఎండ్‌లో బ్లాక్ స్వాన్ టెర్రస్ అని ఆరిళ్ల వరుస ఉంది. 1455లో కట్టిన చెక్క చట్రాల ఇళ్లు. స్థానికులు ఒక ట్రస్టు పెట్టుకుని బాగుచేయించారు. వాటిలో ఒక ఇంటిని 1540లో జాన్ క్రోక్ అనే నేతగాడి కుటుంబం ఉన్నప్పటి ఇల్లులా తీర్చిదిద్ది, వీవర్స్ హౌస్ అని పేరు పెట్టారు. అన్ని రోజులూ తెరవరు, కనుక్కుని వెళ్లాలి.

అమ్మ వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. మాది మంగళగిరి. అమ్మ పెళ్లికి ముందు నుంచీ మగ్గం పని ఎరిగిన మనిషి. కోటలూ చర్చీలూ చూపిస్తే “బాగుంది” అని ఊరుకునేది. ఇక్కడ మగ్గం కనబడగానే వంగి కిందికి చూసి, “గుంట ఏదిరా?” అంది. మన మగ్గాల కింద నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే గుంట ఉంటుంది కదా, వీళ్లది నేల మీద నిలబెట్టే చట్రమని చెప్పాను. అక్కడున్న పెద్దావిడ నాడెను, అంటే అడ్డపోగును మోసుకెళ్లే చెక్క పనిముట్టును, ఒక చేత్తో విసిరి రెండో చేత్తో అందుకుని చూపించింది. 1733లో జాన్ కే అనే ఇంగ్లండు మనిషి తాడు లాగితే పరిగెత్తే కొత్త రకం నాడె తెచ్చేదాకా ఇంతే, ఒక్కడే నేస్తే చేతులు చాచినంత మేరకే గుడ్డ వెడల్పు. అమ్మ దాన్ని జానలతో కొలిచింది. తర్వాత పడుగు (నిలువు పోగుల) మీద అరచేయి ఆనించి, తెగిన పోగు ఒకటి పట్టుకుంది. పెద్దావిడ కానిమ్మన్నట్టు తలూపింది. అమ్మ రెండు కొసలూ వేళ్ల మధ్య మెలిపెట్టి అతికేసింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అయినా అరగంట దాకా కదల్లేదు. పెరట్లో పెంచుతున్న, నూలుకు అద్దే రంగులు తీసే మొక్కలను నేనొక్కడినే చూసి వచ్చాను. ఒకప్పుడు వెలిసిపోని నీలి రంగుకు ఈ ఊరు పెట్టింది పేరు.

ఇల్లు కట్టినచోటే ఉండాలన్నది నా గట్టి నమ్మకం. ఈ ఊళ్లోనే 1936లో బుచ్చర్ రో అనే పాత వీధిని కొత్త రోడ్డు కోసం కూల్చేశారు. 1940 నవంబర్ 14 రాత్రి జర్మన్ బాంబులకు నగరం నడిబొడ్డు కాలిపోయింది. తరువాతి కాలంలో, మిగిలిన పాత ఇళ్లు కొన్నింటిని విప్పి తెచ్చి స్పాన్ స్ట్రీట్‌లో మళ్లీ కట్టారు. అందంగానే ఉన్నాయి, కానీ వాటి ఇరుగుపొరుగు వాటితో రాలేదు.

ఇక సిమెంటు జోలికి పోవద్దు. మా చుట్టాల వీధిలో ఇలాగే ఒక ఇంటిని ‘బాగుచేశారు’. సున్నపు గోడలకు సిమెంటు మెత్తితే తేమ బయటికి పోయే దారి లేక రెండు వానాకాలాలకే పెచ్చులూడింది. అంతకంటే ఘోరం, మగ్గం గుంట పూడ్చి పైన టైల్స్ పరిచారు. మూడు తరాలు కాళ్లు పెట్టి నేసిన గుంట అది! నాడెను మాత్రం అద్దాల పెట్టెలో పెట్టారు. అది చూసి వచ్చిన రోజు అమ్మ అన్నం తినలేదు.

మీ వరుసలో గుంటలు ఇంకా ఉన్నాయా? ఉంటే మేస్త్రీ రాకముందే ఫోటోలు తీసి, లోతూ వెడల్పూ రాసిపెట్టుకోండి. ఏ గుంటలో ఎవరు కూర్చునేవారో చెప్పగల ముసలివాళ్లను ఈ వారమే వెళ్లి అడగండి.