ఇంటర్‌కే ఉన్నదంతా పెడితే డిగ్రీకి ఎట్లా?

ప్రశ్న: సార్, మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోటే ఆధారం. బిడ్డ తొమ్మిదో తరగతి. కొడుక్కి చెవి మిషన్ ఉంది. బిడ్డ వాడితో స్పీచ్ థెరపీకి వచ్చి చూసి, ఇంటి దగ్గర వాడి నోటి ముందు కాగితం ముక్క పట్టి ‘ప’ అనిపిస్తది. కాగితం కదిలితే చప్పట్లు. తనూ స్పీచ్ థెరపిస్టే అవుతానంటోంది. సుకన్య ఖాతాలో 4 లక్షలున్నాయి. అందులో సగం తీసి, మిగతాది చిట్టీ పాడి హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ చదివిద్దామా? హాస్టల్‌తో రెండేళ్లకు 3.5 లక్షలంటున్నారు.

జవాబు: వద్దండి. ఆ ఫీజు ఎంబీబీఎస్ సీటు కోసం పరుగెత్తేవాళ్ల లెక్క. మీ బిడ్డ చదవాల్సింది బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల చికిత్స నేర్పే డిగ్రీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులోని ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ దీనికి సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రంలోనూ ఈ కోర్సుంది. ఇంటర్‌లో బైపీసీ సరిపోతుంది, నల్లగొండ ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చదివినా అదే బైపీసీ. ఫిజిక్స్‌లో ధ్వని పాఠం మాత్రం ఇప్పటి నుంచే గట్టిగా చదవమనండి.

సుకన్యలో పోయిన ఆర్థిక సంవత్సరం చివరి నిల్వలో సగం దాకా చదువుకు తీసుకోవచ్చు. టెన్త్ పాసైతే చాలు, అందుకే మీకు ఇంటర్‌కే తీయాలనిపిస్తోంది. ఆగండి. ఏడాదికొకసారి చొప్పున ఐదేళ్ల వరకు విడతలుగా తీసే వీలుంది కాబట్టి డిగ్రీ నాలుగేళ్లకూ సరిపెట్టుకోవచ్చు.

మీ రాబడి నెల జీతం కాదు, నెలనెలా కట్టే ఆర్‌డీ కట్టమంటే మధ్యలో ఆగిపోతుంది. సీజన్‌కోసారి, కత్తెర కాపుకోసారి వ్యాపారి డబ్బిచ్చిన రోజే కొంత ఎఫ్‌డీ వేయండి, గడువు డిగ్రీ అడ్మిషన్ల నెలకు వచ్చేలా చూసుకోండి. చిట్టీ పాడకండి. పాటలో వదులుకునేది కూడా వడ్డీయే. ఇంకా తక్కువపడితే విద్యా రుణం ఉంది, 4 లక్షల వరకు సాధారణంగా తాకట్టు అడగరు.

ఏ ప్రైవేట్ కాలేజీలో డబ్బు కట్టాలన్నా ముందు ఈ కోర్సులకు గుర్తింపిచ్చే రిహాబిలిటేషన్ కౌన్సిల్ జాబితాలో దాని పేరు చూడండి. పేరు లేకుంటే ఆ డిగ్రీకి రిజిస్ట్రేషన్ రాదు. డొనేషన్ సంగతి అటుంచి, అప్లికేషన్ ఫీజు కూడా దండగే.