వైఫై రౌటర్‌లో 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు పేర్లు కనిపిస్తున్నాయి. దేనికి కనెక్ట్ అవ్వాలి?

రౌటర్ ఉన్న గదిలోనే ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి, రెండు మూడు గోడల అవతల ఉంటే 2.4కి కనెక్ట్ అవ్వండి. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు దాటేటప్పుడు సిగ్నల్ ఎక్కువగా తగ్గిపోతుంది. అందుకే 5 గిగాహెర్ట్జ్ అంత దూరం పోదు, కానీ వేగం బాగుంటుంది. 2.4లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు (సిగ్నల్ వెళ్లే దారులు) సాధారణంగా మూడే: 1, 6, 11. పక్కింటి రౌటర్లు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్, అన్నీ ఆ ఇరుకులోనే. ఓవెన్ ఆన్ చేయగానే వీడియో ఆగిపోతోందా? 5కి మారి చూడండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

ఈ 5 గిగాహెర్ట్జ్‌ని మొబైల్ 5జీ అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది. రెండింటికీ సంబంధం లేదు. 5జీలో 5 అంటే ఐదో తరం, ఇక్కడ 5 అంటే ఫ్రీక్వెన్సీ. చాలా 4జీ ఫోన్లు కూడా ఈ వైఫైని అందుకుంటాయి.