టేకు ఫ్లోరు సంగతి తర్వాత, ముందు తేదీ చూసుకోండి

ప్రశ్న: మహారాష్ట్రలో చంద్రపూర్ శివార్లలోని ఒక అపార్ట్‌మెంట్‌లో రెండేళ్లు కిరాయికి ఉన్నాం. బెడ్‌రూమ్‌లో బల్లార్షా టేకు పలకల ఫ్లోరు. ఓనర్ తెలుగాయనే, అన్నా అని పిలిచేవాణ్ణి, అందుకే కాగితం రాసుకోలేదు. డిపాజిట్ 60 వేలలో 40 వేలు యూపీఐలో పంపాను, 20 వేలు చేతికిచ్చాను. 2023 సెప్టెంబరు 30న ఖాళీ చేశాం. కూలర్ నీళ్లతో ఫ్లోరు పాడుచేశామని ఒక్క రూపాయీ ఇవ్వలేదు. అడిగినప్పుడల్లా 'వచ్చే నెల చూద్దాం' అని వాట్సాప్ పెడతాడు. నా భార్యను అన్న మాటలు రాయలేను. పాత తేదీతో అగ్రిమెంటు రాయించుకోమని స్నేహితుడు అంటున్నాడు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. కేసును తేల్చేది అందులో ఒక్క వాక్యమే, ఇల్లు ఖాళీ చేసిన తేదీ. డిపాజిట్ తిరిగి రావాల్సింది ఆ రోజు నుంచే. 1963 కాలపరిమితి చట్టం ప్రకారం అక్కడి నుంచి మూడేళ్లు, అంటే 2026 సెప్టెంబరు 30లోగా దావా కోర్టులో పడాలి. ఆ రోజు దాటితే మీ దగ్గర ఎంత సాక్ష్యమున్నా పనికిరాదు.

'వచ్చే నెల' అన్న మాటలతో గడువు పెరగదు. అదే చట్టం 18వ సెక్షన్ కింద కొత్త గడువు రావాలంటే బాకీ ఉందని ఓనర్ రాతపూర్వకంగా ఒప్పుకుని సంతకం చేయాలి, అదీ గడువు ముగియక ముందే. వాట్సాప్ మెసేజ్ అందుకు సరిపోతుందని వాదించవచ్చు కానీ, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. లాయర్ నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఇది తెలియక దావా పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

స్నేహితుడి సలహా మాత్రం వినవద్దు. స్టాంపు పేపరు ఏ రోజు, ఎవరికి అమ్మారో నమోదై ఉంటుంది. పాత తేదీ వేసిన కాగితాన్ని అవతలి వకీలు పది నిమిషాల్లో పట్టేస్తాడు. మోసం కోసం ఫోర్జరీ చేస్తే భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు. 60 వేలు రావాల్సిన మనిషి ముద్దాయి అవుతాడు.

పైగా ఆ కాగితం మీకు అక్కరే లేదు. మహారాష్ట్ర రెంట్ కంట్రోల్ చట్టం, 1999లోని 55వ సెక్షన్ చదవండి. అగ్రిమెంటు రాయించి రిజిస్టర్ చేయించే బాధ్యత ఓనర్‌దే. అది లేనప్పుడు, వేరుగా రుజువయ్యేదాకా, షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే నిలుస్తుంది. చేయించని ఓనర్‌కు మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. డిపాజిట్ ఎంత అన్నదీ షరతే కాబట్టి ఆ 20 వేలకూ ఈ వాదన పెట్టవచ్చు. కానీ రసీదు లేకుండా నగదు ఇవ్వడం మీ తప్పే. అన్నా అని పిలిచినా రసీదు అడగాలి. ఆ రోజు పక్కన ఎవరున్నారో గుర్తుతెచ్చుకోండి, వాళ్లే మీకు సాక్షులు.

ఇక ఫ్లోరు. ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం ఇల్లు తీసుకున్న స్థితిలోనే అప్పగించాలి, మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. మీ వల్లే పాడైందని, ఎంత నష్టమైందని ఓనరే రుజువు చేయాలి. ఏ పలకలు మార్చారు, ఎవరు మార్చారు, బిల్లేది? ఇప్పటిదాకా చూపలేదని మీరే రాశారు. కూలర్ హాల్లో కిటికీ దగ్గర ఉండేదని, ఫొటోలో పలకల అంచులు లేచింది బెడ్‌రూమ్‌లో బాత్రూమ్ గోడ వెంట అనీ రాశారు. అంచులు లేచి మధ్యలో గుంట పడడం ఎక్కువగా కింది నుంచి తేమ పట్టినప్పుడే జరుగుతుంది. టేకు పని తెలిసిన వడ్రంగికి ఆ ఫొటోలు చూపించి, సాక్ష్యం చెప్పడానికి ఒప్పించండి.

ఆ ఫొటోలు, చాట్లు ఉన్న ఫోన్‌ను అమ్మకండి, రీసెట్ చేయకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి. తెలుగు చాట్లకు మరాఠీ అనువాదం కూడా సిద్ధం చేసుకోండి.

ఈ వారమే బ్యాంకుకు వెళ్లి 40 వేలు కనిపించే స్టేట్‌మెంట్ ముద్ర వేయించి తీసుకోండి. 15 రోజుల గడువిస్తూ స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అది అందినట్టు రుజువు దాచుకోండి. జవాబు రాకపోతే చంద్రపూర్ సివిల్ కోర్టులో దావా వేయండి. కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు, అక్కడ కోర్టు ఫీజు లేదు, తీర్పు డిక్రీతో, అంటే సివిల్ కోర్టు తుది ఉత్తర్వుతో సమానం. ఏ దారిలో వెళ్లినా దావా కాగితాలు ముందే సంతకం చేసి మీ వకీలు చేతిలో పెట్టండి.