హన్మకొండలో రోడ్ సైక్లింగ్ ఎలా మొదలుపెట్టాలి? రేసుల దాకా పోవచ్చా?

35 దాటాక రోడ్ సైకిల్ కొంటే పనికొస్తుందా, సరదాగా తొక్కుతూ రేసుల దాకా పోవచ్చా, ఆ ప్యాడ్ నిక్కర్లు నిజంగా అవసరమా అని అడిగారు. మూడింటికీ అవుననే చెప్తాను. కాజీపేట, హసన్‌పర్తి, ములుగు రోడ్ల మీద కొన్నేళ్లుగా తొక్కుతున్నాను, నాకు తెలిసినంతలో ఈ ఆటంతా గాలితో పంచాయితీనే.

పాలకో కూరగాయలకో సైకిల్ మీద పోయేటప్పుడు గాలి సంగతి పట్టదు. గంటకు 25 కిలోమీటర్లు దాటినంక మాత్రం, మన దగ్గర లాంటి చదును రోడ్డు మీద, కాళ్ల బలంలో సగానికి పైగా గాలిని నెట్టడానికే పోతుంది. వేగం రెండింతలు చేయాలంటే ఒక్క గాలికే ఎనిమిదింతల శక్తి పెట్టాలి. రోడ్ సైకిల్ హ్యాండిల్ కిందికి వంకర తిరిగి ఉండేది అందుకే, ఛాతీ దించి గాలికి తక్కువ దొరకడానికి. మొదట్లో ఆ కింది పట్టు జోలికి పోనక్కర్లేదు, బ్రేకుల పైభాగం పట్టుకుని మోచేతులు కాస్త వంచితే చాలు.

కార్బన్ ఫ్రేమ్ ఇప్పుడే వద్దు. అల్యూమినియం తీసుకోండి, కానీ సైజు మీ ఎత్తుకు సరిపోయేది తీసుకోండి, డిస్కౌంట్‌లో వచ్చిందని పెద్దది కొంటే నడుము ఊరుకోదు. సీటు ఎత్తుకు సులువైన కొలత ఉంది: మడమ పెడల్ మీద పెట్టి పూర్తిగా కిందికి తిప్పితే కాలు నిటారుగా రావాలి, అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. టైర్లు 28 మిల్లీమీటర్లవి, పడితే 32వి. ఒకప్పుడు 23 వాడిన రేసర్లు కూడా ఇప్పుడు 28కి వచ్చారు. మీరు 70 కిలోలుంటే 28 టైరులో 70-80 పీఎస్ఐ గాలి సరిపోతుంది.

గాలి కొట్టించడమే ఇక్కడ తిప్పలు. రోడ్డు పక్క బండ్ల పంక్చర్ దుకాణాల్లో కంప్రెసర్ ఉంటుంది, కానీ చాలా రోడ్ సైకిళ్ల ట్యూబ్‌కి సన్న వాల్వ్ ఉంటుంది, వాళ్ల నాజిల్ దానికి పట్టదు. చిన్న ఇత్తడి అడాప్టర్, చేతి పంపు, ఒక స్పేర్ ట్యూబ్ సీటు కింద సంచిలో పెట్టుకోండి, ట్యూబ్ మార్చడం ఇంట్లోనే రెండు మూడు సార్లు ప్రాక్టీస్ చేయండి.

ఇప్పుడు అసలు భయపడాల్సింది చెప్తా. లారీల కన్నా నాకు వడ్లంటే టెన్షన్. కోతల టైంలో, అంటే యాసంగి పంటకు ఏప్రిల్-మే, వానకాలం పంటకు అక్టోబర్ చివరి నుంచి, ఊర్ల దగ్గర సగం రోడ్డు మీద వడ్లో మక్కలో ఆరబోస్తారు. రాత్రి పరదా కప్పి, అది లేవకుండా చుట్టూ బండరాళ్లు పెడతారు. పొద్దున అయిదింటికి ఆ నల్ల పరదా, ఆ రాళ్లు లైట్ లేకుంటే అస్సలు కనబడవు. మక్కల మీద ముందు చక్రం ఎక్కితే బ్రేక్ వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, తొక్కడం ఆపేసి నిటారుగా దాటండి. రైతును తిట్టి లాభం లేదు, ఆయనకు కల్లం లేదు, మనకు వేరే రోడ్డుంది. ఆ రెండు సీజన్లలో నేను పల్లె రోడ్లు వదిలేసి హైవే పక్క షోల్డర్ మీదే తొక్కుతా, లేదంటే వెలుతురు వచ్చాకే బయల్దేరతా.

జూన్, జూలైలో మన దగ్గర గాలి పడమర వైపు నుంచి గట్టిగా కొడుతుంది. ఆ రోజుల్లో ములుగు వైపు పోతే వెనకగాలికి గంటకు 32, 33 కిలోమీటర్లలో పోతూ ఎవరికైనా తాను రేసర్‌నే అనిపిస్తుంది, అసలు సినిమా తిరుగు ప్రయాణంలో ఉంటుంది. కాబట్టి ముందు పడమరనున్న స్టేషన్ ఘన్‌పూర్ వైపు ఎదురుగాలికి పోయి, అలిసినంక గాలి తోస్తుంటే ఇంటికి రండి. రామప్ప దాకా పోయి రావాలన్న ఆశ అందరికీ ఉంటుంది, పోనూ రానూ 130 కిలోమీటర్ల పైమాటే, 60 హాయిగా తొక్కగలిగినంక చూసుకోవచ్చు.

రేసులూ ఈ గాలి లెక్కే. ముందున్నవాడి వెనక చక్రానికి ఒక అడుగు దూరంలో ఉంటే మీ శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. అందుకే గుంపు రేసులో బలవంతుడు కూడా ఊరికే ముందుకు రాడు, దాక్కుంటాడు, జట్టులో మిగతావాళ్లు అతని కోసం గాలి మోస్తారు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు ఇప్పుడు 21 స్టేజీలు, అంటే రోజుకో రేసు, మొత్తం టైం ఎవరికి తక్కువైతే పసుపు జెర్సీ వాళ్లది. 2017లో క్రిస్ ఫ్రూమ్ ఒక్క స్టేజీ గెలవకుండానే టూర్ గెలిచాడు. టైమ్ ట్రయల్‌లో మాత్రం దాక్కోవడానికి ఎవరూ ఉండరు, ఒక్కడే గడియారంతో కొట్లాట.

మీ వయసుకు నా సలహా, రేసు కన్నా ముందు బ్రెవే, అంటే పోటీ లేని దూరపు సైకిల్ ప్రయాణం, ఒకటి చేయండి. 200 కిలోమీటర్లు 13న్నర గంటల్లో పూర్తి చేయాలి, ర్యాంకులుండవు, హైదరాబాద్‌లో పెడుతుంటారు. అంతకన్నా ముందు ఇద్దరు ముగ్గురితో కలిసి వరసగా తొక్కడం నేర్చుకోండి: గుంత కనిపిస్తే చేత్తో చూపించాలి, చెప్పకుండా బ్రేక్ కొట్టకూడదు, ముందున్నవాడి చక్రానికి మీ చక్రం తగలకూడదు, తగిలితే పడేది వెనకున్న మీరే.

ఇక ప్యాడ్ నిక్కరు. కొనండి, హెల్మెట్ తర్వాత కొనాల్సింది అదే. దాని లోపల ఇంకేం వేసుకోవద్దు, ఈ ముక్క దుకాణంలో ఎవరూ చెప్పరు.