బానిస ఓడల్లో వెళ్లిన ఆఫ్రికన్ల సొంత కథనాలు: ఏవి చదవాలి, ఎలా సరిచూసుకోవాలి?

అట్లాంటిక్ బానిస వ్యాపారంలో అమ్ముడుపోయిన ఆఫ్రికన్లు తమ గురించి తామే చెప్పుకున్న కథనాలు దొరుకుతాయా, దొరికితే ఎంతవరకు నమ్మొచ్చు అని అడిగారు.

దొరుకుతాయి, కానీ చాలా తక్కువ. ఆఫ్రికాలో ఓడెక్కించినవాళ్లు సుమారు 1 కోటి 25 లక్షలు. అవతలి ఒడ్డున ప్రాణాలతో దిగినవాళ్లు సుమారు 1 కోటి 7 లక్షలు. వీళ్లలో ఓడ ప్రయాణాన్ని తమ మాటల్లో చెప్పగలిగినవాళ్ల పుస్తకాలన్నీ కలిపినా ఒక చిన్న బీరువాలో పట్టేస్తాయి. అమెరికా ప్రభుత్వం 1936–38లో వృద్ధులైన మాజీ బానిసలతో జరిపించిన 2,300కు పైగా ఇంటర్వ్యూలను కూడా చాలామంది ఈ లెక్కలో కలిపేస్తారు. వాళ్లు దాదాపు అందరూ అమెరికా గడ్డమీదే పుట్టినవాళ్లు. తోటల్లో బతుకు గురించి తెలుసుకోవాలంటే అవి చదవాలి. ఓడ సంగతి వాటిలో వెతక్కండి.

ఇక నమ్మకం మాట. ఏ కథనం చేతికొచ్చినా ముందు చూడాల్సింది కలం పట్టింది ఎవరన్నది. చెప్పినవారు ఒకరు, రాసినవారు ఒకరు, అచ్చువేయించినవారు ఇంకొకరు కావచ్చు. అందుకే ముఖపత్రం, ముందుమాట, చివర అంటించిన ఉత్తరాలు వదిలేసి నేరుగా కథలోకి దూకితే సగం సమాచారం పోతుంది.

మేరీ ప్రిన్స్ కథనం దీనికి మంచి ఉదాహరణ. ఆమె అట్లాంటిక్ దీవి బెర్ముడాలో బానిసగానే పుట్టింది కాబట్టి ఓడ ప్రయాణం అందులో ఉండదు. టర్క్స్ దీవి ఉప్పుమడుల్లో మోకాళ్లదాకా నీళ్లలో నిలబెట్టి పనిచేయిస్తే కాళ్లు పుండ్లుపడిన వైనం మాత్రం ఆమె చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేదు. 1831లో లండన్‌లో ఆమె చెబుతుంటే సుసానా స్ట్రిక్లండ్ రాసింది, బానిసత్వ వ్యతిరేక సంఘం కార్యదర్శి థామస్ ప్రింగిల్ అచ్చువేయించాడు. వాక్యాలు ఆమెవే, పునరుక్తులు, పెద్ద వ్యాకరణ దోషాలు మాత్రం తీసేశామని ముందుమాటలో ఆయనే ఒప్పుకున్నాడు. ఇంకా ఏం తీసేశారో 1833లో ఈ పుస్తకం మీద పరువునష్టం కేసు విచారణకొచ్చినప్పుడు బయటపడింది. ఒక కెప్టెన్‌తో ఏళ్ల తరబడి ఉన్న సంబంధం గురించి రాసుకున్నామెకు చెప్పానని మేరీ సాక్ష్యమిచ్చింది. పుస్తకంలో ఆ ఊసే లేదు. సంఘానికి కావలసింది మచ్చలేని బాధితురాలు మరి.

ఒలాడా ఈక్వియానో దగ్గర చిక్కు వేరే రకం. ఇక్కడ కలం ఆయనదే. ముందుగానే చందాలు పోగుచేసి, 300 పైచిలుకు చందాదారుల పేర్లు అచ్చువేసి, 1789లో లండన్‌లో పుస్తకం తెచ్చాడు. హక్కులు ఎవరికీ అమ్మలేదు. ఆయన బతికుండగా 9 ముద్రణలు వచ్చాయి. ఇగ్బో ప్రాంతంలో, అంటే నేటి నైజీరియాలో పుట్టానని, చిన్నతనంలో ఎత్తుకుపోయారని పుస్తకంలో ఉంది. కానీ 1759 నాటి లండన్ చర్చి బాప్తిస్మ రిజిస్టరులోనూ, 1773లో ఉత్తర ధ్రువం వైపు వెళ్లిన నౌక సిబ్బంది పట్టీలోనూ పుట్టింది అమెరికాలోని కరోలినా అని రాసి ఉంది. ఈ ఒక్క ముక్క పట్టుకుని మొత్తం కల్పన అనేసేవాళ్లున్నారు. తొందరపాటే. రిజిస్టరులో పిల్లవాడి వివరాలు పెద్దవాళ్లు చెప్పినట్టు ఎక్కిస్తారు. పైగా 1792లోనే పత్రికలు ఇలాంటి ఆరోపణ చేస్తే, ఇంగ్లండుకు వచ్చిన కొత్తలో తనకు ఆఫ్రికా భాష తప్ప మరొకటి రాదని తెలిసినవాళ్లను సాక్షులుగా చూపి తర్వాతి ముద్రణల్లో జవాబిచ్చాడు. కాబట్టి మీరు చదివేది ఎన్నో ముద్రణో చూసుకోండి, మొదటిదాంట్లో ఆ జవాబు ఉండదు. ఆయన నావికాదళ జీవితం, కరీబియన్ దీవి మాంట్సెరాట్‌లో చేసిన వ్యాపారం పత్రాలతో బాగానే సరిపోతాయి. మూడు పెన్నీలకు ఒక గాజు గ్లాసు కొని రెట్టింపుకు అమ్మడంతో మొదలైన బేరాలు, 1766లో 40 పౌండ్లు కట్టి స్వేచ్ఛ కొనుక్కునేదాకా సాగాయి. నా లెక్కలో పుస్తకంలో అన్నిటికన్నా గట్టి భాగం అదే.

వెంచర్ స్మిత్ కథనం 1798లో కనెటికట్‌లో అచ్చయింది. చిన్న పొత్తం, ఆయన చెబితే వేరొకరు రాసింది. పసివాడిగా ఉన్నప్పుడు ఓడ సిబ్బందిలో ఒకడు తన సొంత పెట్టుబడితో, నాలుగు గ్యాలన్ల రమ్ము, ఒక తాను కాలికో బట్ట ఇచ్చి కొన్నాడట. సొంత బేరం కాబట్టి వెంచర్ అని పేరు పెట్టాడు. కాలికో అన్న మాటే కాలికట్ నుంచి వచ్చింది. మన కోరమండల్ తీరంలో నేసి అద్దిన నూలుబట్టలు యూరప్ చేరి, అక్కడినుంచి పశ్చిమాఫ్రికా వెళ్లి మనుషుల ధరలో భాగమయ్యాయి. అలాగని ఆ తాను మన మగ్గానిదే అనేయకండి, అప్పటికి ఆ పేరు నూలుబట్టలకు సాధారణ పేరైపోయింది.

ఓడలో 260 మంది బయల్దేరితే, మశూచి సోకి బార్బడోస్ చేరేసరికి 200 మించి మిగల్లేదని వెంచర్ చెప్పాడు. ఇలాంటి అంకెలను సరిచూడటానికి స్లేవ్ వాయేజెస్ అనే ఉచిత డేటాబేసు ఉంది. అందులో 36,000కు పైగా ప్రయాణాలు ఉన్నాయి. ముందు దిగిన రేవుతో వెతకండి, ఎందుకంటే అమ్మకం జరిగిన చోట కాగితం పుడుతుంది. సంవత్సరానికి అటూ ఇటూ ఐదేళ్లు వదులు ఇవ్వండి, పిల్లవాడికి యూరప్ క్యాలెండరు తెలియదు కదా. తర్వాత ఎక్కిన తీరం. ఓడ పేరు చిట్టచివర, విన్నట్టు రాసుకున్నది కాబట్టి స్పెల్లింగు కుదరదు. సొంతూరు పేరుతో అసలు వెతకొద్దు, ఓడ కాగితాల్లో ఉండేది తీరంలోని కోట పేరు. ఎక్కువమంది పొరబడేది అంకెల దగ్గర: పత్రాల్లో దొరికిన సంఖ్య వేరు, లెక్కకట్టి నింపిన అంచనా వేరు. రెండూ వేర్వేరు గడుల్లో ఉంటాయి. అంచనాను పట్టుకుని కథకుణ్ణి అబద్ధాలకోరు అనకూడదు.

ఓడ దొరకకపోయినా కథ తప్పని కాదు. దొంగరవాణా చేసేవాళ్లు కాగితాలు ఉంచరు. 1860లో సుమారు 110 మందిని అలబామాకు తెచ్చిన క్లోటిల్డా ఓడను తగలబెట్టి ముంచేశారు. దాని శిథిలాన్ని 2019లో గానీ నిర్ధారించలేదు. ఆ ఓడలో వచ్చిన కొస్సోలా చెప్పింది రచయిత్రి జోరా నీల్ హర్స్టన్ 1927లో మొదలుపెట్టి రాసుకుంది. ఆయన యాస తీసేయమన్న ప్రచురణకర్తకు ఒప్పుకోలేదు. పుస్తకం 2018 దాకా ఆగింది.

బ్రెజిల్ సంగతి మరీ అన్యాయం. సుమారు 48 లక్షలమంది అక్కడ దిగారు. నేటి అమెరికా భూభాగానికి నేరుగా వచ్చినవాళ్లు 4 లక్షల లోపే. అయినా కథనాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషువి, ఎందుకంటే అచ్చువేసే ఉద్యమ సంఘాలు ఉన్నది ఇంగ్లీషు మాట్లాడే దేశాల్లో. బ్రెజిల్ బానిసత్వం నుంచి బయటపడి పుస్తకం తెచ్చినవాడిగా మనకు మిగిలింది మహొమ్మా బకువాకా, 1854, డెట్రాయిట్. మొదటి భాగం ‘అతడు’ అని నడుస్తుంది, తర్వాత ‘నేను’ వస్తుంది. ఆ మలుపు గుర్తుపెట్టుకోండి, అంతకుముందు వినిపించేది ఎక్కువగా సంపాదకుడి గొంతు. నిలబడలేనంత కురచ అర, రోజుకు ఒక పింటు నీళ్లు, అంటే దాదాపు అర లీటరు, ఉడకబెట్టిన మొక్కజొన్న: ఓడ వివరాలు ఇక్కడే సూటిగా ఉంటాయి.

సంపాదకుడి చెయ్యి పడని రాత కావాలంటే ఒమర్ ఇబ్న్ సయీద్ 1831లో నార్త్ కరోలినాలో అరబ్బీలో రాసుకున్నది చూడండి. రాతప్రతి స్కాన్లు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైటులో ఉన్నాయి. యజమానిని పొగిడే వాక్యాలు అందులో ఉన్నాయి, అప్పటికీ ఆయన బానిసే అని మరవకండి. రాజ్యాధికారమంతా దేవుడిదే అనే ఖురాన్ అధ్యాయంతో ఆ పొగడ్తలున్న రాత మొదలవుతుంది.

కొస్సోలాది, ప్రభుత్వ ఇంటర్వ్యూలు తప్ప పైన చెప్పినవన్నీ నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం సైటులో ముందుమాటలతో సహా ఉచితం. వెంచర్ స్మిత్‌తో మొదలుపెట్టి, బకువాకా, ఆ తర్వాత ఈక్వియానో చదవండి. ఈక్వియానోతోనే మొదలుపెడితే ఆయన రాతలోని నేర్పు అలవాటై మిగతావి పేలవంగా అనిపిస్తాయి.